దాత ఎవరు, పాత్రుడెవరు? – పదిరోజుల సువార్త యాత్రలపై ఒక విచారణ

శ్రీ గురుభ్యో నమః



ఈ వ్యాసంలో విచార్య విషయం ఒక్కటే. పాశ్చాత్య దేశాల క్రైస్తవ సంఘాలు, విశేషించి అమెరికాలోనివి, తమ సభ్యులను వారం పదిరోజుల కోసం పేద దేశాలకు పంపుతాయి. దీనిని స్వల్పకాలిక మిషన్ యాత్ర అంటారు. వెళ్ళినవారు ఒక ఇల్లు కడతారు, ఒక పాఠశాలకు రంగులు వేస్తారు, పిల్లలతో పాటలు పాడిస్తారు, సాయంకాలం సువార్త చెబుతారు, ఛాయాచిత్రాలతో తిరిగివస్తారు. రాబర్ట్ వుత్‌నో అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 2005 ప్రాంతపు సర్వే ఆధారంగా కట్టిన లెక్క ప్రకారం ఏటా సుమారు 16 లక్షల మంది అమెరికా చర్చి సభ్యులు ఇలా విదేశాలకు వెళతారు. యాత్ర సాధారణ పరిమితి ఎనిమిది రోజులు. హోండూరస్, మెక్సికో, హైతీ, గ్వాటెమాలా, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలతో పాటు మన భారతదేశం కూడా వీరి గమ్యస్థానమే.

ఇందులో పాల్గొనే యువకులు దుర్మార్గులని నేను అనడం లేదు. వారిలో అధికభాగం నిష్కపటులు. సొంత డబ్బు పెట్టుకొని, సెలవులు వదులుకొని వెళ్ళేవారు. నా ఆక్షేపణ వారి హృదయం మీద కాదు, ఆ ఆచారం యొక్క స్వరూపం మీద. కర్త మంచివాడైనంత మాత్రాన కర్మ శుద్ధం కాదు. యజమాని ఎంత భక్తుడైనా ప్రయోగం తప్పితే ఆ యజ్ఞానికి ప్రాయశ్చిత్తం చెప్పింది మన శాస్త్రం.

ఈ విచారణకు నిమిత్తం ఒక ప్రశ్న. మా ఆలయానికి తరతరాలుగా వచ్చే ఒక కుటుంబంలోని అబ్బాయి అమెరికాలో చదువుకుంటున్నాడు. అక్కడ తోటి విద్యార్థి ఆహ్వానించగా, వసంత కాలపు సెలవుల్లో ఒక బృందంతో మెక్సికో సరిహద్దు దగ్గరి ఊరికి వెళ్ళి ఒక పేద కుటుంబానికి ఇల్లు కట్టివచ్చాడు. ఇక్కడికి వచ్చినప్పుడు అభిషేకానంతరం మండపంలో కూర్చుని ఆ సంగతంతా చెప్పి, "గురువుగారూ, నేను చేసింది పుణ్యమేనా?" అని అడిగాడు.

"ముందు జరిగింది జరిగినట్టు చెప్పు నాయనా. పుణ్యపాపాల సంగతి తరువాత చూద్దాం" అన్నాను.

అతడు చెప్పిన వివరాలు ఇవి. బృందంలో పదహారు మంది. అందులో ఒక్కరికీ తాపీపని తెలియదు. ఆ ఊరి తాపీమేస్త్రి, అతని ఇద్దరు కూలీలు అక్కడే ఉన్నారు. కానీ గోడ కట్టవలసినది అతిథులు కనుక, వారు మాలు కలిపి అందిస్తూ పక్కన నిలబడ్డారు. మూడవనాడు మేస్త్రి వచ్చి గోడకు తూకపు గుండు వ్రేలాడదీసి చూశాడు. చూసి, దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఆ ఇంటి ముసలమ్మ పదహారు మందికీ మొక్కజొన్న రొట్టెలు చేసి, చిక్కుడు గింజల కూరతో వడ్డించింది. ప్రతి సాయంకాలం ఆ కుటుంబాన్ని వరుసగా నిలబెట్టి ప్రార్థన చేయించి, ఛాయాచిత్రం తీశారు. ముసలమ్మ పాత గదిలో గ్వాడలూప్ మాత పటం ఉంది. దాని ముందు దీపం, పూలు. బృంద నాయకుడు దానిని చూపి, ఇది విగ్రహారాధన, ఈ కుటుంబం ఇంకా క్రీస్తును ఎరుగదు, వీరికోసం ప్రార్థించండి అన్నాడట. "ఆ గది మా అమ్మమ్మ దేవుడి గదిలాగే ఉంది గురువుగారూ" అన్నాడు ఆ అబ్బాయి.

ఇక విచారణ.

దానం అనేదానికి మన శాస్త్రం కట్టిన కొలతలు సూక్ష్మమైనవి. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడుగా విభజించింది. ఇవ్వడం తన ధర్మమని తలచి, ప్రత్యుపకారం చేయలేనివానికి, దేశకాల పాత్రతలు గుర్తెరిగి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో రావాలని, ఫలాన్ని ఉద్దేశించి ఇచ్చేది రాజసం. దేశకాలాలు చూడక, పుచ్చుకొనేవానిని అవమానించి ఇచ్చేది తామసం. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. శ్రద్ధతో ఇమ్మన్నది. హ్రీతో, అనగా సిగ్గుతో ఇమ్మన్నది. భయంతో ఇమ్మన్నది. సంవిత్తుతో, అనగా ఎరుకతో ఇమ్మన్నది. ఇచ్చేవాడు సిగ్గుపడాలట! నా వద్ద ఇంత ఉండి, నేను ఇస్తున్నది ఇంతేనా అన్న సిగ్గు. ఎదుటివాని లేమికి నేను సాక్షిగా నిలబడవలసి వచ్చెనే అన్న సిగ్గు. ఆ సిగ్గు ఉన్నచోట పుచ్చుకొన్నవానిని వరుసలో నిలబెట్టి చిత్రం తీయడానికి చేయి రాదు.

ఈ మాట వారి గ్రంథానికీ పరాయిది కాదు. ఒక చేయి ఇచ్చినది రెండవ చేతికి తెలియరాదన్న ఉపదేశం మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఉంది. వీధులలో బూర ఊదించుకొని దానం చేసేవారిని ఏసు అక్కడే నిందించాడు. మరి తిరిగివచ్చిన తరువాత ఆదివారం వేదిక మీద చూపే చిత్రమాలికను ఏమనాలి?

ఈ యాత్రికులు వ్రాసుకొనే అనుభవకథనాలు చదవండి. వాటి నడక దాదాపు ఒకటే. మొదట భయం, తరువాత పేదల ఆప్యాయత చూసి ఆశ్చర్యం, ఏమీ లేకపోయినా వారు ఎంత సంతోషంగా ఉన్నారో అన్న విస్మయం, చివర కన్నీరు. ముగింపు వాక్యం మాత్రం తప్పదు. మేము ఇవ్వడానికి వెళ్ళాము, కానీ ఇచ్చినదానికంటె ఎక్కువ పొంది వచ్చాము అంటారు. అందరూ దీనిని వినయంగా భావించి మెచ్చుకుంటారు. నేను దీనిని ప్రమాణంగా స్వీకరిస్తున్నాను. వారే చెబుతున్నారు, పొందినవారు తామేనని. అయితే దాత ఎవరు? ఆ మెక్సికో ముసలమ్మ పదహారు మందికి అన్నం పెట్టింది. మేస్త్రి తన పని, తన గౌరవం, తన మౌనం ఇచ్చాడు. ఆ కుటుంబం తమ ముఖాలను, తమ దారిద్ర్యాన్ని, ఇతరుల ఆత్మకథలో ఒక అధ్యాయంగా ఇచ్చింది. ఇచ్చినవారు వారు, పుచ్చుకొన్నవారు వీరు. కృతజ్ఞత మాత్రం తలక్రిందులుగా ప్రవహించింది. దాతను నిలబెట్టి, గ్రహీతకు దండం పెట్టించారు. నా ప్రధానమైన ఆక్షేపణ ఇదే.

ఇక పూర్వపక్షాలు పరిశీలిద్దాం.

మొదటి పూర్వపక్షం: ఏదైతేనేం, ఇల్లు లేనివారికి ఇల్లు వచ్చింది కదా?

1998లో మిచ్ తుఫాను హోండూరస్‌ను ధ్వంసం చేసిన తరువాత ఉత్తర అమెరికా నుండి బృందాలు వచ్చి ఇళ్ళు కట్టాయి. కర్ట్ వెర్‌బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ యాత్రికులనూ, ఇళ్ళు పొందిన కుటుంబాలనూ విచారించాడు. ఈయన క్రైస్తవేతరుడు కాడు. మిషిగన్‌లోని అప్పటి కాల్విన్ కళాశాల అనే క్రైస్తవ విద్యాసంస్థకు చెందిన ఆచార్యుడు, హోండూరస్‌లోనే నివాసమున్నవాడు. ఆయనకు తేలినది ఏమిటి? విదేశీయులు కట్టిన ఇంట్లో ఉన్నవారికీ, స్థానిక సంస్థలు కట్టిన ఇంట్లో ఉన్నవారికీ జీవితంలో చెప్పుకోదగ్గ భేదం లేదు. స్థానిక సంస్థకు ఒక ఇంటికయ్యే ఖర్చు సుమారు 2,000 డాలర్లు, ప్రయాణవ్యయంతో కలిపి విదేశీ బృందానికి అయినది సుమారు 30,000 డాలర్లు. ఆ ధనమే పంపి ఉంటే ఇంకా ఎన్నో ఇళ్ళు లేచేవి, మా మేస్త్రీలకు పని దొరికేది అని అక్కడివారే అన్నారు. యాత్ర మా జీవితాన్ని మార్చివేసింది అన్న యాత్రికుల దానశీలంలో సైతం తరువాత చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

ఆత్మీయత కోసం వెళ్ళాము, లెక్కలు చూడరాదు అంటారా? గీత చెప్పిన దేశకాల పాత్ర విచారం మరేమిటి? మేస్త్రి ఉన్న ఊళ్ళో మేస్త్రి పని తాను చేయడం దేశవిరుద్ధం. పని లేని కూలీని పక్కన నిలబెట్టి తాను ఇటుక పేర్చడం పాత్రవిరుద్ధం. ఆకలిగొన్నవాని చేతిలోని తాపీని లాగుకొని, నీకోసమే శ్రమిస్తున్నాను అనడం సేవ అనిపించుకోదు.

రెండవ పూర్వపక్షం: ఇల్లు నిమిత్తమాత్రం. వారు అందించేది సత్యం. సత్యం చెప్పడానికి పదిరోజులు చాలవా?

మన సంప్రదాయంలో సత్యానికి ఎంత సమయం పట్టిందో చూడండి. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిత్పాణులై పిప్పలాద మహర్షిని ఆశ్రయించారు. వారు సామాన్యులు కారు, బ్రహ్మనిష్ఠులు. అయినా ఆయన, తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక సంవత్సరం ఇక్కడ ఉండి ఆ తరువాత ప్రశ్నలు అడగండి, తెలిస్తే చెబుతాము అన్నాడు. ఉపదేశానికి ముందు సంవత్సరం కాదు, ప్రశ్నకు ముందు సంవత్సరం! పైగా 'తెలిస్తే' అన్న వినయం. ఛాందోగ్యంలో ఇంద్రుడు ప్రజాపతి వద్ద నూటొక్క సంవత్సరాలు గడిపాడు. ముప్పై రెండేళ్ళకే తృప్తిపడి వెళ్ళిపోయిన విరోచనుడు దేహమే ఆత్మ అన్న భ్రాంతిని మోసుకుపోయాడు. తొందరపడి సత్యాన్ని పట్టుకున్నామనుకొనే వారికి విరోచనుని కథే సమాధానం. అడగనివానికి చెప్పరాదన్నది మనుస్మృతి మర్యాద. వినగోరని వానికి ఈ శాస్త్రం చెప్పరాదన్నది గీత చివరి అధ్యాయంలో స్వయంగా భగవానుని ఆంక్ష. పిలవని పేరంటానికి వెళ్ళి, వడ్డన కూడా నాదే అనడం ఏ ధర్మంలోనూ మర్యాద కాదు.

పౌలు దేశదేశాలు తిరిగాడు కదా అంటారు. తిరిగాడు. కానీ వారి గ్రంథమే చెబుతుంది, కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు, ఎఫెసులో దాదాపు మూడేళ్ళు ఉన్నాడు. గుడారాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకున్నాడు. ఎదుటివారి భాషలో మాట్లాడాడు. ఎనిమిది రోజుల యాత్రికుడు ఆయనను పూర్వాచార్యునిగా ఎలా చెప్పుకుంటాడు? మత్తయి సువార్త ఇరవై మూడవ అధ్యాయంలో, ఒక్కనిని తమలో కలుపుకొనడానికి సముద్రాలూ భూములూ చుట్టివచ్చే శాస్త్రులను ఏసు ఎంత కఠినంగా గర్హించాడో వారే చదువుకోవాలి.

పైగా ఎవరికి ఎవరు సత్యం చెబుతున్నారు? గ్వాడలూప్ మాత ఆరాధన మెక్సికోలో 1531 నాటిదని వారి సంప్రదాయం. ఆ ముసలమ్మ పూర్వీకులు ఎన్ని తరాలుగా క్రీస్తును కొలుస్తున్నారో! ఆమె క్రైస్తవురాలే. అయినా ఆమె దీపం, ఆమె పూలు, ఆమె తల్లి ఆ బృందానికి దోషంగా కనబడ్డాయి. కాబట్టి ఇది హిందువులకు, క్రైస్తవులకు మధ్య వివాదం మాత్రమే అనుకోవద్దు. ఎదుటివాని దేవుని గదిలోకి చెప్పులతో నడిచే స్వభావం ఒకటి ఉంది. అది ఏ మతంలో ప్రవేశించినా మొదట ఆ మతాన్నే చెరుస్తుంది.

మూడవ పూర్వపక్షం: సంకల్పం శుభమైనది కదా?

2010 జనవరి 12న హైతీలో మహాభూకంపం వచ్చింది. ఆ మాసాంతంలో అమెరికాకు చెందిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లలను బస్సులో ఎక్కించుకొని డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దాటించబోగా అధికారులు నిర్బంధించారు. పిల్లల కోసం ఆశ్రమం పెట్టాలన్నది తమ సంకల్పమన్నారు. కానీ ఆ పిల్లలలో అత్యధికులకు తల్లిదండ్రులు సజీవులై ఉన్నారని తేలింది. కష్టకాలంలో బిడ్డకు చదువు, తిండి దొరుకుతాయన్న ఆశతో అప్పగించినవారు వారు. శుభసంకల్పం పత్రాలు అడగలేదు, ఆ దేశపు చట్టం చూడలేదు, తల్లి కంట్లోకి చూడలేదు. తైత్తిరీయం చెప్పిన భయం, సంవిత్తు లేని సంకల్పం ఎక్కడికి దారితీస్తుందో దీనికంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

ఇదే మాట వారిలోనే ఒక పురోహితుడు ఎప్పుడో చెప్పాడు. ఇవాన్ ఇల్లిచ్ కాథలిక్ ప్రీస్టు, మెక్సికోలో ఉండినవాడు. 1968లో మెక్సికో గ్రామాలకు వేసవి సేవకు వెళ్ళే అమెరికా విద్యార్థులను ఉద్దేశించి ప్రసంగిస్తూ, మీ సదుద్దేశాలు మాకు అక్కరలేదని ముఖం మీదనే చెప్పాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, కొండలు ఎక్కండి, పూలు చూసి ఆనందించండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దు అన్నది ఆయన ప్రసంగ సారాంశం. యాభై ఏళ్ళు దాటినా దానికి సమాధానం చెప్పినవారు నాకు కనబడలేదు.

ఇక మన నేల సంగతి. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లఫ్ అమెరికా బాప్టిస్టు మిషనరీ. ఆయన సిద్ధాంతంతో నాకు ఏకీభావం లేదు. కానీ సత్యం చెప్పాలి. ఆయన తెలుగు నేర్చాడు, దశాబ్దాల పాటు ఇక్కడే ఉన్నాడు. 1876-78 ధాత కరువులో జనం మలమల మాడుతున్నప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని అడిగినవారికి సైతం, ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారా, విశ్వాసంతో వచ్చారా అన్న సందేహం ఉన్నంతవరకు ఆగాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మందికి ఒక్కనాడే బాప్తిస్మం జరిగింది. దాని పర్యవసానం వేరే చర్చ. కానీ అన్నానికీ మతానికీ మధ్య ఒక గీత గీయాలన్న సంకోచం ఆ మనిషికి ఉండింది. నేటి యాత్రికుడు పగలు ఇటుక, సాయంకాలం ప్రార్థన ఒకే పొట్లంలో కట్టి ఇస్తున్నాడు. అన్నంతో పాటు చెవిలో మంత్రం చెబితే అది అన్నదానం కాదు, అన్నవిక్రయం.

మన దేశపు చట్టం కూడా ఈ గీతను గుర్తించింది. పర్యాటక వీసాతో వచ్చి మతప్రచారం చేయరాదు, మిషనరీలకు వేరే వీసా ఉంది. 1977లో స్టెయినిస్లాస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన ప్రచార హక్కు తన మత సిద్ధాంతాలను వివరించే హక్కే గాని, ఇతరులను మతం మార్చే హక్కు కాదని తీర్పు చెప్పింది.

ఇంతవరకు చదివి సంతోషించిన ఆస్తికులకు ఇప్పుడొక చేదు మాత్ర. క్లఫ్ కాలంలో ఆ ఉద్యమాన్ని ఊరూరా మోసినవాడు విదేశీయుడు కాదు, యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కుటుంబంలో పుట్టినవాడు. క్రైస్తవంలోకి వెళ్ళకముందు ఆయన రాజయోగ మార్గంలో గురూపదేశం పొందిన సాధకుడు. జిజ్ఞాస ఉంది, సాధన ఉంది, గురుభక్తి ఉంది. ఆలయద్వారం మాత్రం ఆయనకు తెరిచి లేదు. ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో గాని రాలేదు. జిజ్ఞాసువును గడప బయట నిలబెట్టిన సమాజం, అతడు వేరే గడప తొక్కితే ఆక్రోశించే అధికారాన్ని ఎంత మేరకు నిలుపుకుంటుంది? ఈ ప్రశ్నను దాటవేసి విదేశీయుని ఒక్కనినే తప్పుపట్టేవాడు ధర్మపక్షపాతి కాడు.

మరొకటి. ఇటీవల మనవారిలోనూ ఇదే రోగం అంకురించింది. విదేశాల నుండి సెలవులకు వచ్చి, గిరిజన గూడేనికి వాహనాలలో వెళ్ళి, దుప్పట్లు పంచి, పుచ్చుకొన్నవారి చేత భజన చేయించి, చిత్రాలు తీసుకొని సాయంకాలానికి తిరిగివచ్చే ధార్మిక యాత్రలు మొదలయ్యాయి. వారిది తప్పయితే మనది ఒప్పు ఎలా అవుతుంది? నామం మారినంత మాత్రాన రాజసదానం సాత్త్వికం కాదు.

మనకు ఆదర్శాలు లేక కాదు. భాగవతం నవమస్కంధంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజుల ఉపవాసం తరువాత దొరికిన అన్నాన్ని బ్రాహ్మణునికి, శూద్రునికి, కుక్కలతో వచ్చిన అతిథికి పెట్టి, మిగిలిన నీటిని దాహంతో వచ్చిన అంత్యజునికి పోశాడు. ఒక్కనినీ నీ దైవం ఎవరని అడగలేదు, నా దైవాన్ని నమ్ముమని అనలేదు. అందరిలోనూ హరినే చూశాడు గనుక అడగవలసిన అవసరమే రాలేదు. పురాణం అంటారా? మన గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు 1909 వరకు జీవించారు. వేళ కాని వేళలో ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఒక పెళ్ళిబృందం ఆకలితో తమ ఇంటికే వెళుతున్నదని తెలిసి, దర్శనం మాని వెనక్కు వచ్చి వంట చేశారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. పుణ్యం కోసం బయలుదేరిన యాత్రను ఆకలి కోసం ఆపుకొన్న ఇల్లాలు ఆమె. ఆకలి పేరు చెప్పి యాత్రకు బయలుదేరేవారు ఆమె ముందు కొంతసేపు నిలబడాలి.

ఆ అబ్బాయికి నేను చెప్పిన సమాధానమే మీకూ చెబుతున్నాను. "నాయనా, నువ్వు చేసినది దానం కాదు, తీర్థయాత్ర. తీర్థానికి వెళ్ళేవాడు నదిని ఉద్ధరిస్తున్నానని అనుకోడు. తలవంచి మునిగి, శుద్ధుడై వస్తాడు. నీ మనస్సు మారిందంటే మార్చినది ఆ ముసలమ్మ పెట్టిన రొట్టె. ఆ ఋణం నీ మీద ఉంది. తీర్చదలిస్తే ఆమె భాష నేర్చుకో. ఆ మేస్త్రికి పని దొరికేటట్టు నీ విమానపు టిక్కెట్టు డబ్బు పంపు. నీ పేరు చెప్పకు. ఆమె గదిలోని పటాన్ని చూసినప్పుడు నీ అమ్మమ్మ గుర్తుకు వచ్చింది చూశావా, పదిరోజులలో నీకు కలిగిన జ్ఞానం అదొక్కటే. దానిని పోగొట్టుకోకు."

దూరదేశాలకు వెళ్ళరాదని ఎవరూ అనరు. వెళ్ళేవాడు అతిథిగా వెళ్ళాలి, విద్యార్థిగా వెళ్ళాలి, ఋణగ్రస్తుడనని తెలిసి తిరిగిరావాలి. దాతృత్వాన్ని మాత్రం, అది ఎవరి చేతిలో ఉన్నదో వారికే విడిచిరావాలి.

ఇతి శమ్.